కలెక్టర్ గారూ, మా మత్తడి కాలువను పాత నక్షాతో కొలిపించండి

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం.

మా ఊరి చెరువు కింద, ఒకప్పటి ఆయకట్టు భూమిలో ఇరవై రెండు ఎకరాల లేఅవుట్‌కు అనుమతి కోరుతూ పెట్టిన దరఖాస్తు మీ పరిశీలనలో ఉంది. అక్కడ ఇళ్లు రాకూడదని నేను అనను. పట్నం మా పొలిమేర దాకా వచ్చింది, మనుషులకు గూడు కావాలి. ఆ ప్లాట్లు చూడటానికి ఆదివారాలు వస్తున్నవారిలో బస్సు కండక్టర్లు ఉన్నారు, టీచర్లు ఉన్నారు, గల్ఫ్‌లో ఏళ్లకేళ్లు ఎండలో పనిచేసి నాలుగు రాళ్లు వెనకేసుకున్నవాళ్లు ఉన్నారు. ఈ లేఖ వాళ్ల కోసమే.

చెరువు నిండితే మత్తడి, అంటే అలుగు, దూకిన నీళ్లు ఒక కాలువ పట్టుకుని కింది ఊరి చెరువులోకి పోతాయి. గొలుసుకట్టు చెరువులున్న ప్రతి ఊళ్లోనూ ఇదే ఏర్పాటు. లేఅవుట్ ఆ కాలువను ఆనుకుని ఉంది. ప్లానులో దానికి రెండు మీటర్ల బఫర్, అంటే ఏమీ కట్టకుండా వదిలే జాగా, చూపించారు. కాగితం మీద అందులో తప్పేమీ లేదు. భవన నిర్మాణ నిబంధనలపై 2012లో వచ్చిన జీవో 168 ప్రకారం 10 మీటర్ల కంటే వెడల్పైన వాగుకు, నాలాకు 9 మీటర్లు వదలాలి. అంతకు మించకపోతే 2 మీటర్లు చాలు.

చిక్కంతా ఈ కొలతలోనే ఉంది. ఇవాళ టేపు పట్టి చూస్తే కాలువ నాలుగు మీటర్లు దాటదు. నా చిన్నతనంలో వరి కుప్పలతో వచ్చే ఎడ్లబండ్లు వేసవిలో దాని కడుపులోనే వరుసగా ఆగేవి, అటూ ఇటూ ఇంకా చోటు మిగిలేది. తర్వాత ఏటా దుక్కి సమయంలో ఒక్కో గట్టు జానెడు, మూరెడు ముందుకు జరిగింది. అలా జరిపినవాళ్లలో మా నాన్న కూడా ఉన్నాడు. ఈ మాట దాచిపెట్టి మీకు లేఖ రాయడం నాకు చేతకాదు. మేం చేసిన ఆక్రమణే ఇప్పుడు కొలతగా మారి, నీటికి దక్కాల్సిన 9 మీటర్లను రెండుకు తగ్గిస్తోంది.

నిరుడు భాద్రపదంలో రెండు రాత్రులు ఎడతెగని వాన పడింది. మూడో రోజు తెల్లవారుజామున మత్తడి హోరు ఊళ్లోకి వినిపించింది. వెళ్లి చూస్తే ముందుగానే పాతిపెట్టిన హద్దురాళ్లలో కాలువ పక్క మూడు వరుసలు కనిపించలేదు. నాలుగో వరుసలో పసుపు రంగు వేసిన కొసలు మాత్రం తేలుతున్నట్టు ఉన్నాయి. పిల్లల పార్కు అని బోర్డు పెట్టిన చోట కుర్రాళ్లు వల వేసి చేపలు పట్టారు. బఫర్‌ను ఖాళీ స్థలం కింద లెక్క చూపుకునే వీలు ఉంది కాబట్టి పార్కును తెచ్చి సరిగ్గా అక్కడే గీశారు. ఊరంతటిలోకీ నీళ్లు ముందుగా చేరే చోటు అది! ఆ బోర్డు చూసినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టు ఉంటుంది.

2020 ఆగస్టులో హనుమకొండ నయీంనగర్ నాలా పొంగినప్పుడు, 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు జనం పడిన పాట్లు మీకు నేను చెప్పాల్సిన పని లేదు. ఆ ఇళ్లకూ ఎవరో ఒకరు కష్టార్జితమంతా ధారపోశారు.

నేను కోరేది పెద్ద పనేమీ కాదు. సర్వే శాఖ దగ్గరున్న పాత గ్రామ నక్షా తీయించి, అందులోని వెడల్పు ప్రకారం కాలువ హద్దులు నిర్ణయించండి. బఫర్ దానిమీద లెక్కగట్టండి. పార్కును ఎత్తు మీదికి మార్చమనండి. అందుకోసం కొన్ని ప్లాట్లు తగ్గితే తగ్గనివ్వండి. మా గట్టు కూడా వెనక్కి జరపాల్సి వస్తే జరుపుతాను, రాతపూర్వకంగా ఇమ్మంటే ఇస్తాను. నీటిపారుదల ఇంజనీర్లు ఎండాకాలంలో ఒకసారి చూసి వెళ్లారు. మత్తడి పారుతున్నప్పుడు మళ్లీ రమ్మని చెప్పండి. అది జరిగేదాకా సంతకం ఆపండి.

మీరే స్వయంగా రాగలిగితే ఇంకా మంచిది. నలభై ఏళ్లు తూము తీసి మూసిన మా నీరటి పెద్దాయన ఇంకా ఉన్నాడు. కాలువ పక్కనున్న చింతచెట్టు మాను మీద, నీళ్లు ఎక్కిన ప్రతి ఏడూ ఆయన గొడ్డలితో ఒక గాటు పెట్టాడు. అన్నిటికంటే పై గాటు నా ఛాతీ దాకా వస్తుంది. లేఅవుట్ ప్లానులో ఆ చెట్టు ఉన్న చోటు ఇప్పుడు ఒక ప్లాటు.

ఇట్లు,
మత్తడి కింద రెండెకరాల రైతు