మూడు చెంచాల నూనె: నన్ను దాటించిన వాళ్ళందరికీ కృతజ్ఞతలు

ఆపరేషన్ అయి నిన్నటికి పది రోజులు. గాట్లు చూసి "అన్నీ శుభ్రంగా మానుతున్నాయమ్మా" అన్నారు సర్జన్ గారు. ఇంటికొచ్చి కూర్చున్నాక మొదట చెయ్యాలనిపించిన పని ఇదే. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెబుదామంటే రెండో మాటకే గొంతు పట్టేస్తోంది. అందుకే రాస్తున్నాను.

సంగతి తెలియని వాళ్ళకు రెండు ముక్కల్లో చెబుతాను. నాకు గాల్ బ్లాడర్‌లో రాళ్ళు. ఆరు నెలల్లో నాలుగుసార్లు నొప్పి వచ్చింది. కుడివైపు పక్కటెముకల కింద మొదలై వీపులోకి, భుజం దాకా పాకేది. రాత్రి భోంచేసిన గంటకో రెండు గంటలకో వచ్చేది. ఇక కూర్చోనివ్వదు, పడుకోనివ్వదు. స్కానింగ్‌లో రాళ్ళతో పాటు ఫ్యాటీ లివర్ కూడా కనబడింది. సర్జన్ గారు గాల్ బ్లాడర్ తీసేసే ఆపరేషన్‌కు తేదీ ఇచ్చి, అంతకు ముందు 2 వారాలు ప్రత్యేకమైన డైట్ చెయ్యాలన్నారు.

అప్పటికే నేను నాకు తోచిన పథ్యమేదో చేస్తున్నాను. నొప్పి భయంతో తిండి దాదాపు మానేశాను. పొద్దున ఒక పండు, మధ్యాహ్నం నాలుగు ముద్దలు, రాత్రి ఏమీ లేదు. మూడు వారాల్లో 5 కిలోలు తగ్గాను. అయినా నొప్పి రానే వచ్చింది. రాళ్ళు కరిగిస్తుందని ఎవరో పొడి తెచ్చిస్తే అదీ రెండు రోజులు మింగాను.

మొదటి కృతజ్ఞత డైటీషియన్ గారికి. ఇదంతా చెబితే ఆవిడ ఒక్క మాట కూడా విసుక్కోలేదు. తెల్లకాగితం తీసుకుని లివర్ బొమ్మ గీసి, దాని కింద చిన్న సంచీ గీశారు. లివర్ తయారుచేసే పైత్యరసం ఆ సంచిలో చేరి చిక్కబడుతుందట. కొవ్వున్న తిండి పేగులోకి దిగగానే అక్కడి నుంచి ఒక హార్మోన్ కబురు తీసుకొస్తుంది, సంచి పిండుకుంటుంది. ఆ సమయంలో రాయి దారికి అడ్డం పడితే వచ్చేదే నా నొప్పి. "అందుకే కొవ్వు తగ్గించాలి. కానీ కడుపు మాడ్చుకుంటే సంచి ఖాళీ అవ్వదు, రసం అక్కడే నిలవుండి ఇంకా చిక్కబడుతుంది. బరువు గబగబా తగ్గితే కొత్త రాళ్ళు పడే అవకాశం కూడా పెరుగుతుందండీ" అన్నారు.

"మరి మీరు రాసేదీ తక్కువ తిండే కదా?" అని అడిగాను. అడిగినందుకు ఆవిడ సంతోషపడ్డారు. ఇది కొద్ది రోజులకే, ఆపరేషన్ తేదీ ఖాయమైంది కాబట్టే, అదీ లివర్ కోసం అన్నారు. గాల్ బ్లాడర్ లివర్ అడుగున అంటుకుని ఉంటుంది. లాపరోస్కోపీలో, అంటే చిన్న గాట్లు పెట్టి కెమెరాతో చూస్తూ చేసే ఆపరేషన్‌లో, లివర్‌ను పైకెత్తి పట్టుకుంటేనే సర్జన్‌కు అది సరిగ్గా కనబడుతుంది. కొవ్వు పట్టి ఉబ్బిన లివర్ బరువుగా ఉంటుంది, ఎత్తడం కష్టం. పైగా మనం తిన్న పిండిపదార్థంలో కొంత లివర్‌లో గ్లైకోజెన్‌గా నిలవ ఉంటుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ దాదాపు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. పిండి, చక్కెర తగ్గిస్తే ముందు ఆ నిలవ ఖర్చవుతుంది, దాంతో నీళ్ళు పోతాయి, లివర్ కుదించుకుంటుంది. ఆ కాగితం చూస్తుంటే నాకు ధైర్యం వచ్చింది. ఎందుకో తెలియకుండా ఓర్చుకోవడం వేరు, ఎందుకో తెలిసి ఓర్చుకోవడం వేరు.

నా షుగర్ మాత్రల గురించి ఆవిడే మా డాక్టరుతో మాట్లాడి, డైట్ మొదలయ్యే ముందే డోసు తగ్గించేలా చూశారు. లేకపోతే షుగర్ పడిపోయేదట. రాళ్ళను ఏ డైటూ కరిగించదని కూడా గట్టిగా చెప్పారు. జ్వరం, చలి, కళ్ళు పచ్చబడటం, గంటలు గడిచినా తగ్గని నొప్పి, వీటిలో ఏది వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి రమ్మన్నారు. పొడి ఆ రోజే పారేశాను.

ఇక మా తోటికోడలు. నేను అక్కా అని పిలుస్తాను. తన ఇల్లు వదిలి ఆ రెండు వారాలూ మా ఇంట్లోనే ఉంది. రోజుకు నూనె 15 మిల్లీలీటర్లు దాటకూడదని నాకు రాసిచ్చారు, అంటే మూడు చిన్న చెంచాలు. వంట హడావుడిలో చెంచాలు లెక్కపెట్టడం ఎవరివల్ల అవుతుంది? అక్క పాత మందు సీసా ఒకటి కడిగి ఆరబెట్టి, మూడు చెంచాల నీళ్ళు పోసి, ఆ మట్టానికి ఎర్ర నెయిల్ పాలిష్‌తో గీత గీసింది. రోజూ పొద్దున్నే ఆ గీత దాకా నూనె పోసేది. ఆ రోజు వంటంతా అందులోంచే. సాయంత్రానికి అడుగున రవ్వంత మిగిలితే సీసా ఎత్తి చూపించి నవ్వేది. కొన్న ప్రతి పొట్లం తిప్పి 100 గ్రాములకు 3 గ్రాములకంటే ఎక్కువ కొవ్వుంటే పక్కన పెట్టేసేది.

నాలుగో రోజు చాలా కష్టమైంది. తలనొప్పి, చిరాకు. పక్కింట్లోంచి వేపుడు వాసన వస్తుంటే నాకు ఏడుపొచ్చేసింది. అక్క ఓర్చుకో అనలేదు. ఈ ఒక్క పూట తినెయ్యి అని కూడా అనలేదు. ఉడికించిన కూరలు నాకు ఎన్ని పెట్టిందో తన కంచంలోనూ అన్నే పెట్టుకుని ఎదురుగా వచ్చి కూర్చుంది. మర్నాటి నుంచి మావారూ, అబ్బాయీ అదే తిన్నారు. ఎవరూ వాళ్ళను అడగలేదు.

ఆఫీసులో పుట్టినరోజు కేకును నా బల్ల దాకా రానివ్వకుండా వేరే గదిలో కోసుకున్న మీ అందరికీ థాంక్స్. అది నేను గమనించాను.

ఆపరేషన్ ముందు రాత్రి టెన్షన్‌తో నోరెండిపోతుంటే, ఘనాహారం 6 గంటల ముందు ఆపాలి కానీ మంచినీళ్ళు 2 గంటల ముందు వరకూ తాగొచ్చని చెప్పి, టైము రాసిన చీటీ గ్లాసుకు అంటించి వెళ్ళిన నర్సమ్మకు దండం. ఆపరేషన్ తర్వాత భుజం లాగుతుంటే గుండెకేమైనా అయిందేమోనని హడలిపోయాను. ఆవిడే వచ్చి పరీక్షించి, ఆపరేషన్ కోసం పొట్టలో నింపిన గ్యాస్ వల్ల చాలామందికి అలా ఉంటుందని, ఒకట్రెండు రోజుల్లో తగ్గుతుందని నెమ్మదిగా చెప్పారు. తగ్గింది.

సర్జన్ గారు మెలకువ వచ్చాక నా దగ్గరకు వచ్చి అన్న మొదటి మాట "లివర్ సులువుగా లేచిందమ్మా, డైట్ బాగా చేశారు" అని. నేను కాదు డాక్టరు గారూ, మేం చేశాం అన్నాను. మత్తులో ఉన్నాను కాబట్టి ఆయనకు వినబడిందో లేదో తెలియదు. అందుకే ఇక్కడ మళ్ళీ చెబుతున్నాను.

ఎవరికైనా ఇదే ఆపరేషన్ ఉంటే, నా లెక్కలు మీకు వాడకండి. నాకు రాసింది నా లివర్‌ని, నా షుగర్‌ని చూసి రాసింది. మీ డాక్టరును అడగండి, ఎందుకో కూడా అడగండి.

అక్కా, మీ సీసా వంటగది అరలోనే ఉంది. కడిగి కడిగి గీత ఒకవైపు చెరిగిపోయింది. ఈసారి వచ్చినప్పుడు మళ్ళీ దిద్ది వెళ్ళండి.