బుజ్జీ, ముందు ఆ పూలసీసా తీసెయ్యి

రాజమండ్రి,
ఆగస్టు 24

బుజ్జీ,

ఫోనులో చెబితే "సరేలేమ్మా" అని పెట్టేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

నిన్న వీడియోలో మీ భోజనాల బల్ల మీద గాజుసీసాలో, లిల్లీని పోలిన పసుపు డేలిలీ పూలు కనిపించాయి. పక్కనే కొత్త పిల్లికూన మూతి పెట్టి వాసన చూస్తోంది. ముందు ఆ సీసా తీసెయ్యి. మీ బాబాయి కూతురు పశువుల డాక్టరు చదువుతోంది కదా, దాన్నడిగాను. "పెద్దమ్మా, పిల్లులకి లిల్లీ ఎంత విషమో డేలిలీ కూడా అంతే, కిడ్నీలు పోతాయి" అంది. ఆకు కొరికినా, ఒంటికంటిన పుప్పొడి నాకినా, ఆ సీసాలో నీళ్లు తాగినా ప్రమాదమేనట. ఎప్పుడైనా నోట పెట్టిందని అనుమానమొస్తే, చూద్దాంలే అని కూర్చోకుండా అప్పటికప్పుడు డాక్టరు దగ్గరికి పరిగెత్తు. మొక్కలు బయట, పిల్లి లోపల. ఇందులో నీ బేరాలేం సాగవు.

కిందటేడు నేను న్యూజెర్సీ వచ్చినప్పుడు పిల్లి లేదు కాబట్టి ఈ పూలే పొద్దున్నే కోసి దేవుడికి పెట్టేదాన్ని. సాయంత్రానికే ముడుచుకుపోయేది, మర్నాటికి తడిసిన కాగితంలా మెత్తబడి వేలికి అంటుకునేది. ఒక్కరోజు ఆయుష్షు పాపం. కానీ కాడకి పదేసి మొగ్గలుంటాయి, వంతులేసుకున్నట్టు విచ్చుకుంటాయి. వాడినవి కాయ కట్టకముందే మొదలుతో సహా గిల్లెయ్యి.

కిందటేడు పూలు తగ్గింది మాత్రం నావల్లే. గ్యారేజీలో గడ్డికి వేసే ఎరువు కనబడితే గుప్పెళ్లతో చల్లాను. ఆకు ఏపుగా లేచింది, కాడలు మూడే. నత్రజని ఎక్కువైతే గింజ తగ్గుతుందని వరిచేల మధ్య పుట్టినదాన్ని, నాకే తోచలేదు. మీ నాన్న ఇప్పటికీ దెప్పుతారు.

ఈ ఏడు మెట్ల పక్క దుబ్బు అంచుల్లోనే పూసి నడుమ ఒట్టి ఆకులతో ఉందంటే కారణం వేరు, ఇరుకైపోయింది. నువ్వు కొన్నది స్టెల్లా డి ఓరో, 1975 నాటి రకం, వేసవంతా విడతలుగా పూయాలి. సెప్టెంబరు మొదట్లో, నేల గడ్డకట్టకముందు వేళ్లు పట్టుకునే వ్యవధి ఉండగా, విడదీయి. తోటపనివాళ్లకి వదిలెయ్యకు, వాళ్లు పారతో నాలుగు ముక్కలు చేసి పోతారు. ఆకుని జానెడు ఉంచి కత్తిరించు. దుబ్బు చుట్టూ పార దించి మొత్తం పెళ్లగించి, పైపునీళ్లతో మట్టి కడుగు. లిల్లీకిలా ఉల్లిగడ్డ ఉండదు, మన పిల్లితేగల్లా బొద్దుబొద్దు వేళ్లు గుత్తిగా వేలాడతాయి. వాటిని మెల్లగా అటూ ఇటూ ఆడిస్తే చిక్కు వీడి పిలకలు విడివిడిగా చేతికొస్తాయి. తొందరపడి లాగకు. రాకపోతే పాత కత్తి వాడు.

గుంటకి మూడేసి పిలకలు చాలు. గుంట నడుమ మట్టిని చిన్న గోపురంలా పోసి, వేళ్లు చుట్టూ జారవిడిచి, పిలక మొదలు అంగుళం లోతున ఉండేట్టు పూడ్చు. మరీ లోతైతే పూలు రావు. గుంటకీ గుంటకీ అడుగున్నర ఎడం. మేపుల్ చెట్టు నీడలో వద్దు, కనీసం ఆరు గంటల ఎండ తగలాలి. వచ్చే ఏడు పూలు తక్కువైతే బెంగపడకు, వేళ్లు నిలదొక్కుకుంటున్నాయన్నమాట. మొగ్గలొచ్చాక వల కప్పు. జింకలు తెల్లారేసరికి కాడలు మొండాలు చేసిపోవడం చూశాం కదా.

కంచె దగ్గరి నారింజరంగువి మాత్రం ఎక్కడా నాటకు. అవి విత్తనం కట్టవు గానీ నేలకింద పాకి తోటంతా ఆక్రమిస్తాయి. మీ న్యూజెర్సీ రోడ్ల పక్క పూసేవి అవే.

మిగిలిన పిలకలు తడికాగితంలో చుట్టి పక్కింటి చైనా మామ్మగారికి ఇవ్వు. ఆవిడకీ నాకూ ఆవిడ మనవరాలే దుబాసీ. వాళ్ల దేశంలో పూర్వం కొడుకు దూరదేశం వెళ్లేముందు తల్లి గది ముందు ఈ మొక్క నాటేవాడట, దిగులు మరిచిపోతుందని. నువ్వేమో నీ గుమ్మం ముందే నాటుకున్నావు! నేను వచ్చేటప్పుడు ఆవిడ ఎండబెట్టిన డేలిలీ మొగ్గలు పొట్లం కట్టి ఇచ్చింది. నానబెట్టి పప్పుపులుసులో వేశాను. మీ నాన్న రెండోసారి వడ్డించుకున్నాక అడిగారు, ఇవేం చిక్కుళ్లని.

పొట్లం అయిపోయింది, ఆవిడకి చెప్పు.

అమ్మ