అసైన్‌మెంట్ల విషయంలో ముందు శిక్షణ కావాల్సింది మాకే

సంపాదకుల వారికి,

కాలేజీ విద్యార్థులు అసైన్‌మెంట్లు ఏఐతో రాయించుకుంటున్నారనీ, దీన్ని ఎలాగైనా ఆపాలనీ మీ పత్రికలో తరచూ వార్తలు, ఉత్తరాలు వస్తున్నాయి. వాటిలో దాదాపు అన్నీ విద్యార్థుల గురించే. ప్రశ్న ఇచ్చేది, దిద్దేది, మార్కులు వేసేది మేము. మాకు దీని గురించి ఏమాత్రం తెలుసు అని ఎవరూ అడగడం లేదు. కాలేజీలో పదిహేడేళ్లుగా వ్యాసరచన నేర్పుతున్నాను కాబట్టి ఆ మాట నేనే చెబుతున్నాను. మాలో చాలామందికి తెలియదు. తెలుసుకునే ఏర్పాటు కూడా ఎవరూ చేయలేదు.

నేను చేసిన ఒక తప్పుతోనే మొదలుపెడతాను. నిరుడు ఒక విద్యార్థిని ఇచ్చిన ఇంగ్లిష్ వ్యాసం చదువుతుంటే అనుమానం వచ్చింది. ఎక్కడా తడబాటు లేదు, వాక్యాలన్నీ ఒకే కొలతలో ఉన్నాయి. ఏఐ రాతను పట్టిస్తుందని చెప్పే ఒక డిటెక్టర్‌లో పెట్టి చూశాను. సగానికి పైగా ఎర్ర రంగులో చూపించింది. ఆ అమ్మాయిని పిలిచి, ఇది నువ్వే రాశావా అని అడిగాను. అడిగిన తీరు కూడా బాగాలేదు, అప్పటికే తీర్పు చెప్పేసినట్టు అడిగాను. తను ఏమీ వాదించలేదు. మర్నాడు ఒక నోట్‌బుక్ తెచ్చి నా టేబుల్ మీద పెట్టి నిలబడింది. అందులో పదకొండు పేజీల చిత్తుప్రతి ఉంది. మొదటి పేరా నాలుగుసార్లు రాసి కొట్టేసింది. ఒకచోట 'దేర్‌ఫోర్' అని రాసి, కొట్టేసి, పైన 'ఈవెన్ సో' అని రాసింది. అంచున పెన్సిల్‌తో 'ఇది నిజమేనా, మళ్లీ చూడాలి' అని తనకు తానే రాసుకుంది. ఇంగ్లిష్ తన మాతృభాష కాదు. తప్పులు దొర్లుతాయేమోనన్న భయంతో బాగా తెలిసిన మాటలనే ఏరుకుని, చిన్న చిన్న వాక్యాలు కట్టుకుంది. ఆ జాగ్రత్త వల్లే దొంగగా కనిపించింది. క్షమాపణ చెప్పాను. కానీ ఆ అమ్మాయి ఆ ముందురోజు రాత్రి ఎంత టెన్షన్ పడి ఉంటుందో తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

తర్వాత చదివితే తెలిసింది, ఇది నా ఒక్కదాని అనుభవం కాదని. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు టోఫెల్ అనే ఇంగ్లిష్ పరిజ్ఞాన పరీక్షకు రాసిన 91 వ్యాసాలను ఏడు డిటెక్టర్లకు ఇచ్చి చూశారు. అన్నీ మనుషులు రాసినవే. సగటున 61 శాతానికి పైగా వ్యాసాలను అవి ఏఐ ఖాతాలో వేశాయి. ఈ డిటెక్టర్లలో చాలావరకు, తర్వాత రాబోయే మాటను ఎంత సులువుగా ఊహించవచ్చో చూస్తాయి. మాటల సంపద తక్కువగా ఉన్నవాళ్ల వాక్యాలను ఊహించడం సులువు. అందుకే ముందు దొరికిపోయేది వాళ్లు. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థే 2023 జనవరిలో సొంతంగా ఒక డిటెక్టర్ తెచ్చింది. ఏఐ రాసినవాటిలో 26 శాతాన్నే అది పట్టగలదనీ, మనుషులు రాసినవాటిలో 9 శాతాన్ని పొరబాటున ఏఐవిగా చూపిస్తుందనీ ఆ సంస్థే చెప్పింది. కచ్చితత్వం లేదంటూ అదే ఏడాది జులైలో దాన్ని ఎత్తేసింది. ఈ సంగతులు నేను ముందే తెలుసుకుని ఉంటే ఆ అమ్మాయిని అలా నిలబెట్టి అడిగేదాన్ని కాదు.

2023 మేలో అమెరికాలోని టెక్సస్‌లో ఒక అధ్యాపకుడు ఇంకో అడుగు ముందుకు వేశాడు. విద్యార్థుల వ్యాసాలను చాట్‌జీపీటీకే చూపించి, ఇవి నువ్వు రాసినవేనా అని అడిగాడు. అది అవునంది. ఆ మాట పట్టుకుని పిల్లల ఫలితాలు ఆపాడు. ఆయన్ని చూసి నవ్వేవాళ్లు చాలామంది ఉన్నారు, నాకు మాత్రం నవ్వు రాలేదు. తను ఎవరికి ఏం రాసిచ్చిందో రికార్డు తీసి చూసి జవాబు చెప్పే యంత్రం కాదది, తర్వాత ఏ మాట రావచ్చో లెక్కగట్టి పేర్చుకుంటూ పోతుంది. ఈ ఒక్క ముక్క ఎవరైనా కూర్చోబెట్టి చెప్పి ఉంటే ఆయన ఆ పని చేసేవాడా?

మాకూ ఒక శిక్షణ జరిగింది. ఒక మధ్యాహ్నం, రెండు గంటలు. బయటి నుంచి వచ్చినాయన స్లైడ్లు వేసి ఏఐ ప్రపంచాన్ని ఎలా మార్చేస్తోందో చెప్పారు. ఫొటో దిగాం, సర్టిఫికెట్లు తీసుకున్నాం. వచ్చిన వాళ్లలో ఒక్కరి చేతా ఒక్క ప్రాంప్ట్, అంటే ఏఐకి ఇచ్చే ప్రశ్న, టైప్ చేయించలేదు. రేపు నేను ఇవ్వబోయే అసైన్‌మెంట్‌ను ఏం చేసుకోవాలో ఆ రెండు గంటల్లో ఎక్కడా రాలేదు.

నిజంగా పనికొచ్చిన శిక్షణ మాకు మేమే ఇచ్చుకున్నాం. చరిత్ర చెప్పే సహోద్యోగి, నేను రెండు మధ్యాహ్నాలు ఒక కంప్యూటర్ ముందు కూర్చున్నాం. ఏళ్ల తరబడి నేను ఇస్తున్న ప్రశ్న, 'సమాజంపై సోషల్ మీడియా ప్రభావం గురించి వ్యాసం రాయండి' అన్నది, ఉన్నదున్నట్టు ఏఐకి ఇచ్చాం. నిమిషంలోపే రెండు పేజీలు వచ్చాయి. ఎప్పటిలాగే దిద్దుదామనుకుని, ఒకరి మార్కులు ఒకరికి తెలియకుండా వేశాం. ఆవిడ ఇరవైకి 14 వేశారు, నేను 13. క్లాసుకు రాకుండా, పుస్తకం తెరవకుండా 13 మార్కులు తెచ్చుకోగల ప్రశ్నను నేను ఇన్నేళ్లూ ఇస్తున్నానన్నమాట. అప్పటిదాకా పిల్లల మీద ఉన్న కోపం ఆ క్షణంలో కాస్త నా వైపు తిరిగింది.

తర్వాత ఆ వ్యాసం చివర ఇచ్చిన అయిదు పుస్తకాలనూ లైబ్రరీ కేటలాగుల్లో వెతికాం. మూడు దొరికాయి. మిగతా రెండూ లేవు. ఒకదాని రచయిత నిజంగా ఉన్నాడు, ఆ పేరుతో పుస్తకం మాత్రం ఆయన రాయలేదు. 2023 జూన్‌లో న్యూయార్క్ కోర్టు ఇద్దరు లాయర్లకూ వాళ్ల సంస్థకూ కలిపి 5,000 డాలర్ల జరిమానా వేసింది ఇలాంటి వ్యవహారంలోనే. ఏఐ కల్పించిన తీర్పులను వాళ్లు నిజమైనవిగా కోర్టు ముందు పెట్టారు. ఈ కథ ఎన్నిసార్లు విన్నా నాకు అంతగా ఎక్కలేదు. లేని పుస్తకం కోసం స్వయంగా వెతికిన ఆ అరగంటలో ఎక్కింది. శిక్షణ అంటే అధ్యాపకుడి చేత ఈ పని చేయించాలి, అదీ తన ప్రశ్నతో, తన సబ్జెక్టులో.

ఆ ప్రశ్నను మార్చాను. ఇప్పుడు విద్యార్థి రెండు తరాల వాళ్లు ఇద్దరితో మాట్లాడాలి, వార్తలు వాళ్లకు ఎప్పుడెప్పుడు ఎలా తెలిసేవో అడగాలి. మాట్లాడుతూ రాసుకున్న నోట్స్ తేవాలి. అదే విషయంపై ఏఐ రాసిన ఒక పేరా తీసుకుని, అందులో ఎక్కడ ఆధారం ఉందో, ఎక్కడ ఊరికే మాటలు ఉన్నాయో అంచున రాయాలి. ఆ తర్వాత తన వ్యాసం. చివర నాతో అయిదు నిమిషాలు మాట్లాడాలి. ఇంటర్వ్యూను కూడా ఏఐతో కల్పించవచ్చు, నాకు తెలుసు. ఆ అయిదు నిమిషాలు పెట్టింది అందుకే. మొదటిసారి ఇచ్చినప్పుడు ఒక అబ్బాయి ఏఐ పేరా పక్కన 'వీళ్లు ఎవరితోనూ మాట్లాడినట్టు లేదు' అని రాశాడు. రచనలో ఆధారం అంటే ఏమిటో చెప్పడానికి నేను అంతకుముందు ఎన్ని క్లాసులు ఖర్చుపెట్టానో!

అయితే ఇలా దిద్దడానికి రెట్టింపు సమయం పడుతోంది. ఒక సెక్షన్‌లో అరవై మంది ఉంటే అయిదేసి నిమిషాల చొప్పున మాటలకే అయిదు గంటలు. ఈ గంటలను వర్క్‌లోడ్‌లో లెక్కవేయకుండా ఎంత శిక్షణ ఇచ్చినా అధ్యాపకులు పాత ప్రశ్నకే తిరిగి వెళ్తారు, వాళ్లను తప్పుపట్టలేం.

మా సహోద్యోగుల్లో కొందరు ఏఐని క్లాసులోకి అసలు రానివ్వబోమంటారు. వాళ్ల మాటను నేను గౌరవిస్తాను. మొదటి సంవత్సరం పిల్లలు మొదటి డ్రాఫ్ట్ అయినా ఏ సాయమూ లేకుండా రాయాలని నేనూ గట్టిగా నమ్ముతాను. మాట దొరక్క తడుముకునే ఆ సమయంలోనే వాళ్లకు తాము ఏమనుకుంటున్నారో తెలుస్తుంది. కానీ వద్దనడానికైనా అది ఏం చేయగలదో తెలిసి వద్దనాలి. ఈ అసైన్‌మెంట్‌లో ఎక్కడిదాకా వాడవచ్చు, ఎక్కడ వాడకూడదు, వాడితే ఎలా చెప్పాలి అన్నది ప్రశ్నపత్రం మీదే నాలుగు వాక్యాల్లో రాసి ఇవ్వగలగాలి. ఇప్పుడు ఒక మేడమ్ సరేనంటారు, పక్క క్లాసు సార్ అదే పనికి సున్నా వేస్తారు. మధ్యలో పిల్లలు నలిగిపోతున్నారు.

మాకు వర్తించే నియమాలూ ఆ శిక్షణలో ఉండాలి. పిల్లల వ్యాసాలను పేర్లతో సహా ఏ వెబ్‌సైట్‌లో పడితే ఆ వెబ్‌సైట్‌లో పెట్టకూడదు. దిద్దే పని ఏఐకి అప్పగించి పిల్లలను మాత్రం మందలించకూడదు. డబ్బు కట్టి మెరుగైన వెర్షన్ వాడుకునే విద్యార్థికి, ఉచితంగా వచ్చేదానితో సరిపెట్టుకునే విద్యార్థికి మధ్య తేడా మార్కుల్లోకి రాకుండా చూసుకోవాలి.

2023లో యునెస్కో 450కి పైగా స్కూళ్లను, యూనివర్సిటీలను అడిగితే, జనరేటివ్ ఏఐపై, అంటే ఇలా అడిగితే రాసిచ్చే ఏఐపై, సొంత విధానమో మార్గదర్శకాలో ఉన్నవి పదిశాతం లోపే అని తేలింది. ఆ మరుసటి ఏడాది యునెస్కో ఉపాధ్యాయులకు ఏఐ విషయంలో ఉండాల్సిన 15 సామర్థ్యాలతో ఒక చట్రాన్ని విడుదల చేసింది. కాబట్టి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదని కాలేజీల యాజమాన్యాలు ఇక అనలేవు.

మీ పత్రిక ద్వారా వాళ్లను నేను అడిగేది పెద్దదేమీ కాదు. ప్రతి విభాగంలో అధ్యాపకులు తమ అసైన్‌మెంట్లు పట్టుకుని వచ్చి కూర్చోవడానికి ఏటా మూడు నాలుగు రోజులు ఇవ్వండి, వాటిని పనిదినాలుగా లెక్కించండి. ఒకరిద్దరు విద్యార్థులను కూడా పిలవండి, వాళ్లు నిజంగా దీన్ని ఎలా వాడుతున్నారో వాళ్లే చూపిస్తారు. ఇదంతా సెమిస్టర్ మొదలయ్యే లోపే జరగాలి. మొదటి అసైన్‌మెంట్ ఇచ్చేశాక ఎవరికీ తీరిక దొరకదు.

ఇట్లు,
ఒక కాలేజీ అధ్యాపకురాలు