కోట పనుల అనుమతుల రిపోర్టుపై ఫిర్యాదు

వరంగల్

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: ఖిలా వరంగల్ పరిసరాల్లో సర్కారు నిధులతో సాగుతున్న రోడ్డు, వరద కాల్వ, పార్కింగ్ ప్యాకేజీకి మీ సంస్థ తయారుచేసిన పురావస్తు అనుమతుల రిపోర్టులోని తప్పులు, వాటివల్ల కోటకు జరుగుతున్న నష్టం గురించి.

అయ్యా,

ఈ ప్యాకేజీలో మీ సంస్థకు అప్పగించిన బాధ్యత స్పష్టంగా ఉంది. గడ్డపార పడేలోపే ఏ పనికి ఏ అనుమతి కావాలో తేల్చాలి, దాన్ని తెప్పించాలి, పని నడిచినన్నాళ్లూ అనుమతిలోని షరతులు అమలయ్యేలా చూడాలి. మీకు ముట్టే ఫీజు కూడా ప్రజల పైసలే. సమాచార హక్కు చట్టం కింద తీసుకున్న మీ రిపోర్టును, డీపీఆర్ (ప్రాజెక్టు వివర నివేదిక)లోని అనుమతుల అధ్యాయాన్ని, రన్నింగ్ బిల్లుల కాపీలను ముందర పెట్టుకుని, సైటులో టేపు పట్టి సరిచూసుకున్నాకే ఈ లేఖ రాస్తున్నాం.

ముందుగా రిపోర్టులో రాతికోట తూర్పు గోడ పరిస్థితి రాసిన పేజీ తీయండి. "సముద్రపు ఉప్పుగాలి వల్ల రాయి పైభాగం పొరలుగా ఊడుతోంది, ఏటా ఒకసారి మంచినీటితో కడిగి ఉప్పు తీయాలి" అని ఉంది. వరంగల్‌కు సముద్రం ఎంత దూరమో మీకు చెప్పాల్సిన పని లేదు. ఆ పేరా ఏదో తీరప్రాంతపు కట్టడానికి రాసింది, ఇక్కడ పేరు మార్చి అతికించారు. అచ్చుతప్పు అని దీన్ని వదిలేయలేం. రేపు మెయింటెనెన్స్ ఎస్టిమేట్ వేసే ఇంజనీరు మీ రిపోర్టు చూసే ఐటమ్ రాస్తాడు, ఏటా పైపు పెట్టి గోడ కడిగిస్తారు, ఆ నీళ్లన్నీ గోడ వెనక మట్టిలోకి దిగుతాయి. సైటుకు రాని మనిషి రాసిన రిపోర్టు మీద మీ సంస్థ సీలు, సంతకం ఎట్లా పడ్డాయో చెప్పాలి.

ఇక అసలు విషయం, దూరం కొలత. టికెట్ కౌంటరు, పార్కింగ్ షెడ్డు కట్టే స్థలం "కట్టడం నుంచి 710 మీటర్లు, కావున అనుమతి అవసరం లేదు" అని రాశారు. ఆ 710 మీటర్లు ఎక్కడినుంచి కొలిచారో చూస్తే, కోట నడుమ ఉన్న కీర్తితోరణాల నుంచి. ఇక్కడ రక్షిత కట్టడమంటే తోరణాలొక్కటే అనుకున్నారు. కోట గోడలు, దర్వాజాలు కూడా రక్షణలో ఉన్నవే. 2010లో సవరించిన పురాతన కట్టడాల చట్టం ప్రకారం రక్షిత హద్దు నుంచి అన్ని దిక్కులా 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆ 100 అయిపోయిన దగ్గర్నుంచి మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. అంటే హద్దు నుంచి మొత్తం 300 మీటర్లు. గుడి గర్భగుడి నుంచో, తోరణం నుంచో, గూగుల్ మ్యాపులో పిన్ను పడిన చోటు నుంచో కొలవమని చట్టంలో ఎక్కడా లేదు. అదే షెడ్డును రాతికోట హద్దు నుంచి కొలిస్తే 100 మీటర్లు కూడా రాలేదు. మీరు అనుమతే అక్కర్లేదన్న చోట చట్టం కొత్త కట్టడాన్ని అసలే ఒప్పుకోదు. నిషేధిత ప్రాంతంలో దరఖాస్తు పెట్టుకునే వీలున్నది రిపేరుకు, పునరుద్ధరణకు మాత్రమే. అది కూడా 1992 జూన్ 16కు ముందునుంచి ఉన్న, లేదా ఆ తరువాత అనుమతితో కట్టిన భవనానికే.

ఇట్లాంటి చోట హద్దు తేల్చే పద్ధతి మీకు తెలియనిది కాదు. గెజిట్ నోటిఫికేషన్ కాపీ, అందులోని సర్వే నంబర్లు, రెవెన్యూ నక్ష, ఏఎస్ఐ (కేంద్ర పురావస్తు శాఖ) దగ్గరి ప్లాను, ఈ నాలుగూ ఒకదానిమీద ఒకటి పెట్టి చూడాలి. తరువాత ఏఎస్ఐ మనిషి, మండల సర్వేయరు, మీ సర్వేయరు కలిసి డీజీపీఎస్ (ఉపగ్రహాల సాయంతో కచ్చితంగా కొలిచే పరికరం)తో పాయింట్లు తీసి, నేల మీద రాళ్లు పాతి, పంచనామా మీద సంతకాలు పెట్టాలి. మీ రిపోర్టులో జాయింట్ సర్వే అన్న మాటే లేదు. శాటిలైట్ బొమ్మ మీద గీసిన ఎర్రగీత ఒకటి ఉంది, దానికి కోఆర్డినేట్లు లేవు.

ఎత్తు లెక్క కూడా తప్పే. నియంత్రిత ప్రాంతంలో వచ్చే రెండో బ్లాకుకు పెట్టిన దరఖాస్తులో శ్లాబు వరకే ఎత్తు చూపారు. ఎన్ఎంఏ (ఈ అనుమతులు పరిశీలించే జాతీయ కట్టడాల ప్రాధికార సంస్థ) చూసేది పిట్టగోడ, మెట్లగది, నీళ్ల ట్యాంకు అన్నీ కలిపిన మొత్తం ఎత్తు. డ్రాయింగులో శ్లాబు మీద ట్యాంకు కనిపిస్తోంది, ఫారంలో అది లేదు. పునాది లోతు గడి ఖాళీగా వదిలేశారు. ఇట్లాంటి దరఖాస్తు తిరిగి వస్తుంది, వచ్చేలోపు సైటులో పిల్లర్లు లేస్తాయి.

వరద కాల్వ దగ్గర మీరు చేసింది అన్నింటికన్నా ప్రమాదకరం. చట్టంలో నిర్మాణం అన్న మాటకిచ్చిన నిర్వచనం నుంచి మురుగు కాల్వలను, పబ్లిక్ మరుగుదొడ్లను, ప్రజలకు నీళ్లు, కరెంటు ఇచ్చే పనులను మినహాయించిన మాట నిజమే. ఆ మినహాయింపును పట్టుకుని మీరు మొత్తం ప్యాకేజీకి "డ్రైనేజీ, ప్రజా సౌకర్యాల పనులు" అని ఒకే శీర్షిక పెట్టి, దాని కింద టికెట్ కౌంటరును, షెడ్డును, ప్రహరీని కూడా చేర్చారు. మరుగుదొడ్డికి వర్తించే మినహాయింపు దాని పక్క గోడ పంచుకున్న టికెట్ కౌంటరుకు వర్తించదు. బిల్ ఆఫ్ క్వాంటిటీస్ (పనుల పరిమాణాల జాబితా)లోని ప్రతి ఐటమును విడిగా చూసి, ఇది మినహాయింపులో ఉంది, ఇది లేదు అని పట్టిక వేయడమే మీ పనిలో సగం. అదే మీరు చేయలేదు.

ఇంకొకటి. ఆ మినహాయింపు 20ఏ, 20బీ లాంటి సెక్షన్ల కింది నిర్మాణానికి సంబంధించింది. రక్షిత హద్దు లోపల తవ్వకమే 19వ సెక్షన్ కింద కేంద్రం అనుమతి లేకుండా చేయకూడని పని. మీ కాల్వ అలైన్‌మెంటు రాతికోట బయట ఉన్న మట్టికోట కట్టను ఆనుకుని పోయి, ఒక చోట దాని అంచునే కోస్తోంది. అక్కడ అది మురుగు కాల్వ అయినా ఒకటే, మంచినీళ్ల పైపు అయినా ఒకటే. అనుమతి కావాల్సింది తవ్వకానికి.

కట్ట అంచు కోస్తే ఏమవుతుందో మీ స్ట్రక్చరల్ నోట్‌లో ఒక్క వాక్యం లేదు కాబట్టి రాస్తున్నాం. ఏడెనిమిది వందల ఏళ్లనాటి మట్టికట్ట నిలబడేది తన వాలు మీద, ఆ వాలు నిలబడేది కింది అంచు బరువు మీద. ఎండాకాలంలో జేసీబీతో ఆ అంచు తీసేస్తే మట్టి ఎండి గట్టిగా ఉంటుంది కాబట్టి నిటారుగా నిలుస్తుంది, సైటు ఇంజనీరు ఏమీ కాలేదని రాసుకుంటాడు. నాలుగు గట్టి వానలు పడ్డాక నానిన మట్టి బరువెక్కుతుంది, పట్టు వదులుతుంది, ముందు కట్ట పైన పొడుగ్గా పగులు కనిపిస్తుంది, తరువాత ముక్కగా జారి కాల్వలో పడుతుంది. అప్పుడు కాంట్రాక్టరు ఆర్సీసీ రిటైనింగ్ వాల్ కావాలని అదనపు ఐటమ్ పెడతాడు. ఒక అనుమతిలేని పనిని కాపాడుకోవడానికి రక్షిత హద్దులో ఇంకో అనుమతిలేని పని. పడమటి వైపు కాల్వ కోసిన చోట కట్ట పైన అట్లాంటి పగులు ఇప్పటికే మొదలైంది, వేలు దూరేంత ఉంది. వానాకాలం ఇంకా ముందుంది.

కాల్వ అక్కడ నుంచే పోక తప్పదంటే దానికీ పద్ధతుంది. ముందు అలైన్‌మెంటు కట్ట అంచుకు దూరంగా జరపాలి. జరపలేని చోట మీటరు పొడుగు మీటరు వెడల్పు పరీక్ష గుంతలు చేత్తో తవ్వి, పొరలు చూసి, కింద రాతి కట్టుబడి ఉందో లేదో తేల్చాలి. తవ్వకం పొరలుపొరలుగా, ఒక్కో పొర 20 సెంటీమీటర్లకు మించకుండా, పురావస్తు మనిషి పక్కన నిలబడగా సాగాలి. పొడుగంతా ఒకేసారి తెరవకూడదు. ఆ పూట పైపు వేసి పూడ్చగలిగినంతే తెరవాలి. జాయింట్లు లీకయితే కట్ట అడుగు నానుతుంది కాబట్టి పూడ్చకముందే నీళ్లు నింపి పరీక్షించాలి. ఇన్వర్ట్ లెవెల్ (కాల్వ అడుగు మట్టం) విషయంలో ఇంకో జాగ్రత్త. అగడ్త నీటిమట్టం కన్నా కింద కాల్వ పోతే ఆ కాల్వ అగడ్తను ఖాళీ చేస్తుంది. కాల్వ పొడుగునా మట్టాలు చూపే మీ లాంగిట్యూడినల్ సెక్షన్‌లో అగడ్త మట్టం గుర్తే లేదు.

కాకతీయుల కట్టడాల్లో నేలలోని తేమకు, పునాదికి ఎంత సంబంధం ఉందో ఈ జిల్లాలో అందరూ కళ్లారా చూశారు. ఇసుక నింపిన పునాది మీద నిలిచిన వేయిస్తంభాల గుడి కళ్యాణ మండపాన్ని 2006లో విప్పితే, మళ్లీ నిలబెట్టి 2024 మార్చిలో తెరవడానికి 18 ఏళ్లు పట్టింది. పునాది ఒకసారి కదిలాక దాన్ని సరిచేయడానికి పట్టే కాలం అది.

వైబ్రేషన్ గురించి "పరిమితుల్లోనే ఉంది" అని రాశారు. ఏ పరిమితి, ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర, ఏ చోట పెట్టిన జియోఫోన్ (నేల కంపనం కొలిచే పరికరం)తో? అంకె ఒక్కటీ లేదు. పాత కట్టడాలకు అందరూ ఆధారంగా తీసుకునే జర్మన్ ప్రమాణం డిన్ 4150 మూడో భాగం ప్రకారం పునాది దగ్గర కంపన వేగం 10 హెర్ట్జ్ వరకు సెకనుకు 3 మిల్లీమీటర్లు దాటకూడదు. 10 నుంచి 50 హెర్ట్జ్ మధ్య అది 3 నుంచి 8 వరకు పెరుగుతుంది. దర్వాజ పక్కన రోడ్డుకు వైబ్రేటరీ రోలరు నడిపారు. ఆ చోట వైబ్రేషన్ ఆపి మామూలు రోలరుగా నడిపి, మొరం పొర పలచగా వేసి, ఎక్కువసార్లు తొక్కిస్తే సరిపోయేది. పని మొదలవకముందు పగుళ్ల మీద టెల్‌టేల్స్ (పగులు పెరిగితే చూపే గుర్తులు) అతికించి, తేదీ వేసి ఫొటో తీసి ఉంటే ఏది పాత పగులు, ఏది కొత్తది అన్న వాదనే ఉండేది కాదు. మీ ముందస్తు ఫొటోల్లో స్కేలు లేదు, తేదీ లేదు.

రాతిగోడ సందుల్లో సిమెంటు నింపించడం ఆపించండి. ఆ గోడ గచ్చు లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టింది, వెనక మట్టికట్ట ఉంది. వాన నీరు ఆ సందుల్లోంచే బయటికి వస్తుంది. సందులు సిమెంటుతో మూస్తే నీళ్లు వెనక నిలిచి మట్టి ఉబ్బి గోడను ముందుకు తోస్తాయి. గచ్చు అవసరమైన వేరే చోట్ల కూడా డంగు సున్నమే వాడాలి. సిమెంటు సున్నంకన్నా గట్టిపడి తేమను బయటికి పోనివ్వదు, అందులోని లవణాలు రాతి అంచుల్లో పేరుకుని పెచ్చులు లేపుతాయి. లైట్ల కోసం రాతిలో దిగ్గొట్టిన ఇనుప యాంకర్ బోల్టులదీ అదే సంగతి. తుప్పు పడితే ఇనుము ఉబ్బుతుంది, రాయి చీలుతుంది. స్తంభాలను గోడకు దూరంగా, నేల మీద బరువు దిమ్మెలతో నిలబెట్టుకోవచ్చు.

తవ్వకంలో బయటపడిన చెక్కుడు రాళ్లను రోడ్డు వారగా వరుసగా పడేశారు, రెండింటి మీద ఎనామెల్ పెయింటుతో నంబర్లు వేశారు. రాయి మీద పెయింటు పెట్టకూడదు. నంబరు చీటీని తాడుతో కట్టాలి, దొరికిన లోతు, చోటు రాసుకోవాలి, స్కేలు పెట్టి ఫొటో తీయాలి, పని అక్కడికక్కడ ఆపి కబురు చేయాలి. విలువైన నిక్షేపం ఏదైనా బయటపడితే 1878 నాటి నిధుల చట్టం కింద కలెక్టరుకు తెలియజేయాల్సిందే. మీ కాంట్రాక్టు ఒప్పందంలో దొరికిన వస్తువుల గురించి ఒక క్లాజు ఉంది, సైటులో పనిచేసే వాళ్లకు ఆ సంగతే తెలియదు. మేస్త్రీకి తెలుగులో అర పేజీ కాగితం ఇచ్చి చదివి వినిపించినా సరిపోయేది.

ఇవన్నీ ఎందుకు జరిగాయో మీ బార్ చార్టులో కనిపిస్తోంది. ఎన్ఓసీ (నిరభ్యంతర పత్రం)కి 30 రోజులు వేశారు. చట్టంలోనే దరఖాస్తును కాంపిటెంట్ అథారిటీ (దరఖాస్తు తీసుకునే అధికారి) ఎన్ఎంఏకు పంపడానికి 15 రోజులు, ఎన్ఎంఏ సిఫారసుకు రెండు నెలలు, ఆ సిఫారసు అందాక ఉత్తర్వుకు ఒక నెల ఉన్నాయి. అంటే మూడున్నర నెలలు, అదీ దరఖాస్తు తప్పు లేకుండా ఉంటే. నిధులు మురిగిపోతాయన్న తొందరలో తక్కువ గడువు చూపి టెండరు పిలిపించారు, గడువు దాటాక అనుమతి లేకుండానే పని మొదలైతే మీరు మౌనంగా ఉన్నారు. చట్టం ఉల్లంఘిస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మీ సర్టిఫికెట్ నమ్మి పిల్లర్లు పోసిన చిన్న సబ్‌కాంట్రాక్టరు ఆ కేసులో నిలబడాల్సి వస్తుంది. ఆ మనిషికి మీరేం సమాధానం చెబుతారు?

కాబట్టి మీ సంస్థ వెంటనే చేయాల్సినవి. "అనుమతి అవసరం లేదు" అన్న సర్టిఫికెట్‌ను రాతపూర్వకంగా వెనక్కి తీసుకుని ఆ కాపీ క్లయింటుకు, కాంట్రాక్టరుకు ఇవ్వాలి. ఏఎస్ఐ, రెవెన్యూ సర్వేయరులతో హద్దు జాయింటుగా తేల్చేవరకు కట్ట పక్క తవ్వకం, షెడ్డు పిల్లర్లు ఆపాలని లేఖ రాయాలి. తవ్విన కందకాన్ని వానలకు ముందే అదే మట్టితో పొరలుగా దిమ్మిసా కొట్టి పూడ్పించాలి, పగులు పైన నీళ్లు దిగకుండా టార్పాలిన్ కప్పించి, దాని వెడల్పు ప్రతి వారం కొలిచి రాయించాలి. ఐటమ్ వారీగా పట్టిక వేసి, పూర్తి ఎత్తులు, పునాది లోతులతో కొత్త దరఖాస్తులు పెట్టాలి. నిషేధిత ప్రాంతంలో పడిన షెడ్డుకు, కౌంటరుకు 300 మీటర్లు దాటిన స్థలం చూపాలి, దానికయ్యే డిజైన్ ఖర్చు మీరే భరించాలి. ఇవి జరిగేదాకా అనుమతుల ఐటమ్ కింద మీ మిగతా బిల్లు ఆపాలని క్లయింటును విడిగా కోరుతున్నాం.

ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా పేరాల వారీగా రాతపూర్వక జవాబు ఇవ్వండి. కొలతల షీట్లు, పగులు ఫొటోలు జతచేశాం. జాయింట్ సర్వేకు ఏ రోజు పెట్టినా మాలో సర్వే తెలిసిన వాళ్లం చెయిన్లు, పాత నక్షలతో సహా వస్తాం.

ఇట్లు,
కోట లోపల, చుట్టుపక్కల కాలనీల్లో ఉంటున్న రిటైర్డ్ సర్వే, ఇరిగేషన్, ఆర్ అండ్ బీ ఉద్యోగులం, సున్నం పని మేస్త్రీలం

జతపరచినవి: కొలతల షీట్లు, రిపోర్టు పేజీల కాపీలు, తేదీ, స్కేలుతో ఫొటోలు

ప్రతులు: సూపరింటెండింగ్ ఆర్కియాలజిస్ట్, ఏఎస్ఐ హైదరాబాద్ సర్కిల్, జిల్లా కలెక్టర్, రాష్ట్ర వారసత్వ శాఖ సంచాలకులు