కోళ్లకు ఉపవాసం తెలియదు కదా!

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో ‘పాశ్చాత్య దేశాల్లో ఈస్టర్ అంటే చాక్లెట్ గుడ్లూ, కుందేలు బొమ్మలే’ అని తేల్చేశారు. షాపుల వరకైతే నిజమే. 2024లో మా అమ్మాయి దగ్గర, ఐర్లండ్ పడమటి వైపు మేయో కౌంటీలోని ఒక పల్లెలో నేను చూసింది వేరు.

గుడ్ ఫ్రైడే నాడు మా అల్లుడు బట్టల తీగ కట్టడానికి సుత్తి, మేకులు తీశాడు. పక్కింటి పెద్దావిడ గోడవతల నుంచే ఆపింది. ఆ రోజు చెక్కలో మేకు దించకూడదట. ఎందుకో మనకు వేరే చెప్పాలా? టీలో పాలు కూడా పోసుకోలేదావిడ.

వెనకటికి అక్కడ లెంటు, అంటే ఈస్టర్‌కు ముందు ఉపవాసాల నలభై రోజులూ, మాంసంతో పాటు గుడ్లూ మానేసేవారు. కోళ్లు మాత్రం పెడుతూనే ఉంటాయి. అలా పోగైనవన్నీ ఈస్టర్ పొద్దున పళ్లెంలోకి వచ్చేవి. ఆ పెద్దావిడ వాళ్ల నాన్న ఒక్కడే ఆరు తినేవాడట! పిల్లలు ఇల్లిల్లూ తిరిగి గుడ్లు అడిగి తెచ్చుకుని, ఆరుబయట మంట పెట్టి వండుకునేవారు. ఆ విందు పేరు ‘క్లూడోగ్’. ఆవిడ గుడ్లకు రంగు వేయడానికి ఉల్లిపొట్టు మా ఇంటి నుంచే వెళ్లింది, సాంబారుకు ఒలిచినది. ఉడికి దింపేసరికి గుడ్లు అచ్చం ఇటుక రంగు.

1937-39 మధ్య ఐర్లండ్ బడిపిల్లలు సుమారు 50 వేల మంది, ఇళ్లలో పెద్దల్ని అడిగి ఇలాంటి సంగతులు నోటుబుక్కుల్లో రాశారు. అవిప్పుడు ఇంటర్నెట్‌లో ఉన్నాయి. మీ విలేకరి ఓసారి తిరగేయొచ్చు.

ఈస్టర్ పొద్దున సూర్యుడు సంతోషం పట్టలేక నాట్యమాడతాడని వాళ్ల నమ్మకం. గుట్టెక్కి చూసేవారు, లేదంటే నీళ్ల గిన్నెలో నీడ చూసేవారు. ఆవిడా నేనూ పెరట్లో బేసిన్‌ నిండా నీళ్లు పెట్టుకుని కూర్చున్నాం. గడియారాలు ఆ రాత్రే గంట ముందుకు జరిపారు, ఏడైనా పొద్దు పొడవలేదు. తెనాలిలో అయితే ఆ వేళకి సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించి, ఆరాధన ముగించుకుని ఇంటికొచ్చేసేదాన్ని. పైగా మబ్బు. చివరికి కాస్త వెలుగు పడింది, బేసిన్‌లో సూర్యుడు అటూ ఇటూ ఊగాడు. ‘చూశావా!’ అందావిడ.

నా మోకాలు తగిలిందని చెప్పలేదు.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, తెనాలి