వైఫై తెగిపోతే తప్పు రౌటర్‌దేనా?

సంపాదకులకు నమస్కారం.

ఒక ఇంజినీరింగ్ కళాశాలలో నెట్‌వర్క్ నిర్వహణ చూసే ఉద్యోగిగా ఈ లేఖ రాస్తున్నాను. ఆన్‌లైన్ పరీక్ష జరుగుతున్న రోజున మా ల్యాబ్‌లో వైఫై నిమిషానికోసారి తెగిపోతూంటే అందరూ రౌటర్‌నే తిట్టుకున్నారు. మూలన పడి ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో గాల్లో తిరిగే వైఫై సందేశాలను చూపించే కిస్మెట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి చూస్తే, మా యాక్సెస్ పాయింట్ (వైఫై అందించే పరికరం) పేరు మీదే 'కనెక్షన్ తెంచుకో' అనే డీఆథెంటికేషన్ సందేశాలు పుంఖానుపుంఖాలుగా వస్తున్నాయి. అయితే మా పరికరం సిగ్నల్ మైనస్ 68 దగ్గర అందుతుంటే ఈ సందేశాలు మైనస్ 40 దగ్గర అందుతున్నాయి (సున్నాకు ఎంత దగ్గరైతే సిగ్నల్ అంత బలం). పైగా 0 నుంచి 4095 దాకా వరుసగా పెరగాల్సిన ఫ్రేమ్ (వైఫై సందేశం) సంఖ్యల్లో వీటి సంఖ్యలు ఎక్కడా ఇమడలేదు. అంటే వీటిని మా పరికరం పేరుతో మరెవరో పంపుతున్నారన్నమాట. ల్యాప్‌టాప్ చేత పట్టుకుని సిగ్నల్ పెరిగే వైపు నడిస్తే, వరండా చివర మెట్ల మీద కూర్చున్న ఒక విద్యార్థి దగ్గర తేలాం. అతనికది సరదా!

ఇలాంటి నకిలీ సందేశాలను తిప్పికొట్టే 802.11డబ్ల్యూ ప్రమాణం 2009లోనే వచ్చింది, 2018 నాటి వైఫై భద్రతా పద్ధతి డబ్ల్యూపీఏ3లో అది తప్పనిసరి కూడా అయింది. కానీ పాత రౌటర్లలో ఆ సెట్టింగు ఉంటే దాన్ని ఆన్ చేసినవారు నాకు అరుదుగా కనిపించారు. అడిగితే పాస్‌వర్డ్ ఉంది కదా అంటారు. ఆ పాస్‌వర్డ్ తెలియకుండానే, దానికి ముందుతరం పద్ధతి డబ్ల్యూపీఏ2లోని లోపంతో డేటా చదవవచ్చని 2017లో బెల్జియం పరిశోధకులు క్రాక్ అని పేరుపెట్టిన దాడి ద్వారా చూపించారు. 2008 అహ్మదాబాద్ పేలుళ్లకు కాస్త ముందు వచ్చిన ఉగ్రవాదుల ఈమెయిల్ నవీ ముంబయిలో ఒక ఫ్లాటులోని రక్షణ లేని వైఫై నుంచి వెళ్లిందని దర్యాప్తులో తేలే వరకూ ఆ ఇంటివారికే తెలియదు.

ఇలాంటి దాడులను, చొరబాటును కనిపెట్టే వ్యవస్థ పెడితే అన్నీ తెలిసిపోతాయని నేను అనను. మౌనంగా వినేవాడిని అది పట్టుకోలేదు. హాస్టల్లో అయితే విద్యార్థుల మొబైల్ హాట్‌స్పాట్లు, తమ వైఫై చిరునామాను తరచూ మార్చుకునే ఫోన్లు రోజంతా ఉత్తుత్తి హెచ్చరికలు తెప్పిస్తాయి. వాటిని చదివి గట్టివీ తాలూ వేరుచేసే మనిషి లేకపోతే ఎంత ఖరీదైన సెన్సరైనా దండగే. అందుచేత కళాశాలలు, ఆసుపత్రులు వైఫై టెండర్లు పిలిచేటప్పుడు వేగంతో పాటు మేనేజ్‌మెంట్ ఫ్రేముల (కనెక్షన్ కలిపే, తెంచే సందేశాల) రక్షణను, నకిలీ యాక్సెస్ పాయింట్లను గుర్తించే సదుపాయాన్ని షరతుగా రాయాలని, లాగ్‌లు (వ్యవస్థ నమోదు చేసే వివరాలు) చూసే బాధ్యతను ఒక ఉద్యోగికి రాతపూర్వకంగా అప్పగించాలని అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక నెట్‌వర్క్ నిర్వాహకుడు, గుంటూరు