పెట్టలకు అనుమతి అడిగితే పుంజు బొమ్మ వేశారు

సంపాదకుల వారికి,

'పెరటి కోళ్ల ప్రతిపాదన మళ్లీ వాయిదా' అని పోయిన వారం మీరు ప్రచురించిన వార్త చదివి, ఎవరైనా స్పందిస్తారేమోనని నాలుగు రోజులు చూశాను. ఎవరూ రాయలేదు కాబట్టి నేనే రాస్తున్నాను. ఆ వార్త పక్కన మీరు వేసిన ఫోటోలో ఉన్నది పుంజు. మెడ చాచి, జుట్టు నిక్కబొడుచుకుని కూస్తున్న పుంజు. ఇళ్ల పెరట్లో నాలుగు పెట్టలు పెంచుకోనివ్వమని మన ఊరి కౌన్సిల్‌ను కోరుతూ ఏడాదిన్నరగా మేము ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టిస్తున్న వినతిపత్రంలో మొదటి వాక్యమే 'పుంజులు వద్దు' అని! పత్రికే పుంజు బొమ్మ వేస్తే చదివినవాళ్లు ఏమనుకుంటారు? తెల్లవారుజామున వీధివీధంతా నిద్ర పాడుచేసే హక్కు మేము అడుగుతున్నామనే కదా.

గుడ్డు పెట్టడానికి పెట్టకు పుంజుతో పని లేదు. ఆ గుడ్డును పొదిగిస్తే 21 రోజులకు పిల్ల రావాలన్నప్పుడే పుంజు కావాలి. ఈ ఒక్క మాట ఎన్ని గుమ్మాల ముందు చెప్పానో నాకే లెక్క లేదు. బాగా చదువుకున్నవాళ్లు కూడా 'అవునా అండీ?' అన్నారు. కౌన్సిల్ సభ్యులొకరు కూడా అదే అన్నారు. తెలియకపోవడం తప్పేమీ కాదు. తెలుసుకోకుండా వాయిదాకు చెయ్యెత్తడమే తప్పు.

ఇప్పుడున్న నిబంధన నివాస ప్రాంతాల్లో 'పశువులు, పక్షుల పెంపకం' నిషేధం అంటుంది. అంతే, ఒక్క ముక్క. వేల కోళ్ల షెడ్డుకూ, పెరట్లో నాలుగు పెట్టలకూ అందులో తేడా లేదు. ఆ ముక్క పట్టుకునే మాకు నోటీసు ఇచ్చారు. ఇరుగుపొరుగు ఎవరూ ఫిర్యాదు చేయలేదు. కుడిపక్క ఇంటి పెద్దాయన అయితే మా కోళ్లు ఆయన పెరట్లో పురుగులు ఏరుకుంటుంటే కుర్చీ వేసుకుని చూస్తూ కూర్చునేవారు. అయినా పదిహేను రోజుల్లో తీసేయమన్నారు.

మా మనవడు ఓ రోజు గూటి దగ్గర గంటసేపు గొంతుక్కూర్చుని పెట్ట గుడ్డు పెట్టడం చూశాడు. బయటికొచ్చిన గుడ్డు తడిగా మెరిసి, చూస్తుండగానే ఆరిపోయింది. చేతిలో పెడితే వేడిగా ఉందని ఇల్లంతా తిరిగి అందరి చెంపలకూ ఆనించాడు. కోళ్లను ఇచ్చేసిన సాయంత్రం వాణ్ని వాళ్ల అమ్మతో బయటికి పంపించేశాను. చీకటి పడి గూటికి చేరితే కోడి పెనుగులాడదు. ఒక్కోదాన్ని తీసి గంపలో పెట్టాను. ఆఖరిది నా చేతుల్లోనే కళ్లు మూసుకుంది.

ఇక అధికారిగారు మీ విలేకరికి చెప్పిన అభ్యంతరాలు. శబ్దం: గుడ్డు పెట్టాక పెట్ట కాసేపు కొక్కొక్కొ అంటుంది, అదీ మనం మాట్లాడుకునేంత గొంతుతోనే. రాత్రంతా కిక్కురుమనదు. కంపు: పెంట తడిసి కుళ్లితేనే కంపు. కింద పొట్టు పొడిగా ఉంచి, ఎప్పటికప్పుడు ఎత్తి కొన్ని నెలలు మాగబెడితే మొక్కలకు మంచి ఎరువు. పచ్చిదే వేస్తే మొక్కలు మాడిపోతాయి, ఆ సంగతి పెంచేవాళ్లకు తెలుసు. ఎలుకలొస్తాయన్నారు. మేత నేల మీద చల్లి వదిలేస్తే వస్తాయి, మూత ఉన్న డబ్బాలో పెడితే రావు. నాలుగు పెట్టలూ కలిసి రోజుకు తినేది అరకిలో లోపే.

రోగాల మాట మాత్రం నేను తేలిగ్గా తీసుకోను. 1997లో హాంకాంగ్‌లో హెచ్5ఎన్1 బర్డ్‌ఫ్లూ 18 మందికి సోకితే ఆరుగురు చనిపోయారు. కోళ్ల వల్ల సాల్మొనెల్లా అనే, కడుపు పాడుచేసే క్రిమి కూడా సోకవచ్చు, ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవాల్సిందే. కానీ దీనికి మందు నిషేధమా? నిషేధిస్తే కొందరు దొంగచాటుగా పెంచుతారు. కోళ్లు చచ్చిపోతున్నా భయపడి చెప్పరు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2024 అక్టోబరు 1 నుంచి ఒక్క కోడి ఉన్నా పేరు నమోదు చేయించుకోవాలి. ఎక్కడెక్కడ ఉన్నాయో తెలిస్తే, రోగం వచ్చిన రోజున ఎవరికి కబురు పెట్టాలో తెలుస్తుంది. మా వినతిపత్రంలో నమోదు తప్పనిసరి అని మేమే రాశాం.

అమెరికాలోని మాడిసన్ నగరంలో 2004లో జనం పట్టుబట్టి నాలుగు పెట్టలకు అనుమతి తెచ్చుకున్నారు, పుంజులకు లేదు. సియాటిల్‌లో 2010లో మూడున్న పరిమితిని ఎనిమిదికి పెంచారు. న్యూయార్క్ అంత కిక్కిరిసిన ఊళ్లోనే పెట్టలను పెంచుకోవచ్చు. మేము అడిగింది ఇంతకంటే ఎక్కువేమీ కాదు: నాలుగు పెట్టలు, పుంజు లేదు, అమ్మకం లేదు, కోయడం లేదు, గూడు పక్కింటి గోడకు దూరంగా, మాటిమాటికీ ఫిర్యాదులొస్తే అనుమతి రద్దు. రెండు మూడేళ్లకు పెట్ట గుడ్లు తగ్గిస్తుంది, ఆ తర్వాత ఇంకా ఏళ్ల తరబడి బతుకుతుంది. గుడ్లు తగ్గాయని వీధిలో వదిలేసేవాళ్లకు జరిమానా వేయమని కూడా మేమే అడిగాం.

ఇంత రాసిచ్చినా మూడు సమావేశాల్లోనూ మా అంశాన్ని చిట్టచివర పెట్టి, మూడుసార్లూ టైము చాల్లేదన్నారు. మధ్యలో 'గూడు' అంటే నిర్వచనం ఏమిటని ఒకసారి, 'పెరడు' అంటే ఏమిటని ఇంకోసారి ఫైలు వెనక్కి తిప్పారు. కోడిగుడ్డుకు ఈకలు పీకడమంటే ఇదే. తనిఖీ చేయడానికి సిబ్బంది లేరట. మా ఇంటికి నోటీసు పట్టుకుని ముగ్గురొచ్చారు మరి! మా వీధి చివర చెత్తకుప్ప గురించి ఎనిమిది నెలలుగా అర్జీలు పెడుతున్నాం, ఆ కంపుకు ఒక్కరూ రాలేదు. ఒకప్పుడు అర్జీ ఇస్తే అవుననో కాదనో సంతకంతో జవాబొచ్చేది. ఇప్పుడు ఏం అడిగినా 'పరిశీలనలో ఉంది' అంటారు. ఎవరి పరిశీలనలో, ఎన్నాళ్లు అంటే చెప్పే నాథుడు లేడు. కాదనదలుచుకుంటే కారణం రాసి కాదనండి, మళ్లీ సవరించుకుని వస్తాం.

వచ్చే సమావేశంలో మా అంశాన్ని మొదట చర్చకు తీసుకోవాలని మీ పత్రిక ద్వారా సభ్యులందరినీ కోరుతున్నాను. సంపాదకుల వారికీ ఒక విన్నపం. ఈసారి వార్త వేసేటప్పుడు దయచేసి పెట్ట ఫోటో వేయండి. మా నాలుగూ పెరట్లో దుమ్ములో పొర్లుతున్నప్పుడు తీసింది ఈ ఉత్తరంతో జతచేస్తున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు